గంట కొడితే పరిగెత్తే పిల్ల

తొంభైల నడుమ నేను బీఎడ్ చదవడానికి రోజూ కృష్ణగిరికి పోయి వచ్చేదాన్ని. మాది ఉద్దనపల్లి పక్కన, అరవ రాష్ట్రంలో తెలుగు మాట్లాడే చిన్న ఊరు. పొద్దున్నే రాయకోట మీదుగా పోయే బస్సులో టమాటా బుట్టలవాళ్లే ఎక్కువ. వాళ్ల మధ్య ఇరుక్కుని, ఒళ్లో పుస్తకం తెరుచుకుని, పెదాలు కదుపుతూ చదువుకునేదాన్ని. కిటికీ బయట మామిడి తోటలు, వాటి వెనక నున్నటి బండల కొండలు పోతూ ఉండేవి. నా కళ్లు మాత్రం పుస్తకంలోనే. ఎందుకంటే ఆ పుస్తకం అరవంలో ఉంది. నేను చదువుకున్నది తెలుగు మీడియంలో. అరవం మాట్లాడటం చిన్నప్పటి నుంచీ వచ్చు గానీ, చదవాలంటే ఒక్కో అక్షరం దగ్గర ఆగిపోయేదాన్ని.

అన్నిటికన్నా నన్ను బెదరగొట్టిన సబ్జెక్టు మనస్తత్వశాస్త్రం. మనిషి ఎలా నేర్చుకుంటాడు, ఎందుకు అలా నడుచుకుంటాడు అనే దాని మీద ఒక్కో శాస్త్రవేత్తది ఒక్కో సిద్ధాంతం. మాటలు ఇంగ్లీషులో, వివరం అరవంలో, నా బుర్రలో మాత్రం తెలుగు. మొదటి నెలంతా క్లాసులో నోరు తెరిచి కూర్చున్నాను.

ఆ పాఠం చెప్పే లెక్చరర్ నడివయసు ఆవిడ. నూలు చీర, నెత్తి మీదికి తోసుకున్న కళ్లద్దాలు, కొంచెం బొంగురు గొంతు. ఒకరోజు క్లాసు అయ్యాక నా బెంచీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏమ్మా, మొగం అట్ల పెట్టుకోని కూచుంటావు? అర్థం కాలేదా?"

తెలుగు వినబడేసరికి ఉలిక్కిపడ్డాను. "మీకు తెలుగు వస్తాదా మేడమ్?"

"మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. మాది బర్గూరు పక్క. చదివిందంతా అరవం. తెలుగు అక్షరం ఒగటి కూడా రాదు. నీకు ఏది అర్థం కాకపోయినా క్లాసు అయినాక రా, మనింటి మాటల్లో చెప్తా."

ఆ రోజు నుంచి ఆ శాస్త్రమంతా నేను ఆమె ఇంటి తెలుగులో విన్నాను. పుస్తకంలో పేజీ నిండా ఉన్న విషయాన్ని ఆమె రెండు మాటల్లో చెప్పేది. రష్యాలో ఒక పెద్దాయన కుక్కకు కూడు పెట్టే ముందు రోజూ ఒక చప్పుడు చేశాడు. కొన్నాళ్లకు కూడు లేకపోయినా, చప్పుడు వినగానే కుక్కకు చొల్లు కారింది. ఇది చెప్పడానికి ఆమె క్లాసులో పచ్చి మామిడికాయను ఎలా కోస్తారో, దాని మీద ఉప్పూ కారం ఎలా చల్లుతారో నిదానంగా వర్ణించింది. అందరం గుటకలు మింగాం. "చూసినారా, కాయ ఈడ లేదు. మాటకే మీకు నీళ్లూరినాయి," అని నవ్వింది.

సాయంత్రం ఇంట్లో నేను అదే పాఠాన్ని గట్టిగా చదువుకుంటుంటే, మా అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ వింటోంది. అంతా విని ఒకటే అడిగింది.

"అదంతా సరే మ్మా. కడాకు ఆ కుక్కకు కూడు పెట్టినారా లేదా?"

మరుసటి రోజు ఇది చెబితే మేడమ్ కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వింది. అరవంలోకి మార్చి క్లాసు మొత్తానికీ చెప్పింది. "ఇంతమందికి ఇన్నేళ్లు పాఠం చెప్పినా, కుక్క ఆకలి గురించి ఎవురూ అడగలేదు," అంది.

పెట్టెలో పెట్టిన పిల్లి తప్పులు చేసి చేసి గడియ తీయడం నేర్చుకున్న కథ, ఎత్తులో వేలాడే పండు కోసం కోతి కాసేపు ఊరికే కూర్చుని ఉన్నట్టుండి పెట్టె మీద పెట్టె పేర్చిన కథ, పెద్దవాళ్లు చేసింది చూసి పిల్లలు అచ్చం అలాగే చేసే కథ, అన్నీ ఆమె దగ్గరే విన్నాను. వీటిలో ఏది నిజం అని ఒకసారి అడిగాను. "అన్నీ నిజమే. ఒకరు చూసింది ఇంకొకరు చూడలేదు, అంతే. పరీక్షలో మాత్రం అన్నీ విడివిడిగా రాయి," అంది.

చలికాలం చివర్లో మాకు టీచింగ్ ప్రాక్టీస్ వచ్చింది. తెలుగు టీచర్ని కాబోయేదాన్ని కాబట్టి తెలుగు బడికి పోవాలి. డెంకణికోట దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊరి బడి నాకు పడింది. ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్న బడి. నేను పెద్ద క్లాసులకు చెప్పడానికి పోయాను గానీ, మూడో తరగతికి టీచర్ లేరని హెడ్మాస్టర్ మొదటి రోజే ఆ పిల్లల్ని కూడా నాకు అప్పగించాడు. తెల్లటి లుంగీ, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, బడి ఆయన సొంత ఇల్లయినట్టు తిరిగే మనిషి.

ఆ క్లాసులో గుమ్మం పక్కన ఒక పిల్ల కూర్చుని ఉండేది. సన్నటి చేతులు, నూనె కారే జడలు. తొమ్మిదో ఎక్కం అడిగితే లేచి నిలబడి తడుముకోకుండా చెప్పింది. మంచి పిల్ల అనుకుంటుండగానే ఇంటర్వెల్ గంట మోగింది. కానుగ చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క అది. ఇనుప కమ్మితో కొడితే ఊరంతా వినబడుతుంది. మొదటి దెబ్బకే ఆ పిల్ల పలక కింద పడేసి, రెండు చేతులూ చెవులకు నొక్కుకుని, బయటికి దూకి పరిగెత్తింది. గబగబా గుమ్మం దాకా వచ్చి చూస్తే, అప్పటికే రాగి మళ్ల గట్టు మీద పోతోంది. మళ్లీ ఆ రోజు రాలేదు.

"అది అంతే టీచర్. గంట కొడితే ఇంటికి పోతాది," అని పిల్లలంతా నవ్వారు.

పొద్దున కూడా మొదటి గంట అయిపోయిందని తెలిశాకే మెల్లగా వచ్చేదట. హెడ్మాస్టర్‌ను అడిగాను.

"మొద్దు కాదమ్మా, చదువుతాది. బళ్లో నిలిచేదే లేదు. అరిచినా, రెండు దెబ్బలు కూడా వేసినా. ఇంకా ఎక్కువైంది. నువ్వు వచ్చింది కొన్ని నాళ్లకు. సుమ్మనే, ఊరికే తల నొప్పి తెచ్చుకోవద్దు," అన్నాడు.

నాకు మాత్రం ఆ పరుగు కళ్లముందు నుంచి పోలేదు. బడి ఎగ్గొట్టే పిల్ల పరిగెత్తే తీరు వేరు. నాలుగు అడుగులు వేసి వెనక్కి చూస్తుంది, నవ్వుతుంది. ఈ పిల్ల మొహంలో రక్తం లేదు.

మరుసటి వారం బడి వదిలాక వాళ్లింటికి పోయాను. అవ్వ వసారాలో అనపకాయలు ఒలుస్తోంది. తాత చూరు కింద మంచం మీద, ఒక కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. తల్లీ తండ్రీ కూలికి పోయారట. పిల్ల తలుపు చాటు నుంచి నన్ను చూస్తోంది. అవ్వ నాకు చాప వేసి, మజ్జిగ ఇద్దామని లోపలికి పోయింది. వంటింట్లో ఇత్తడి మూత జారి బండ మీద పడి గింగిరాలు తిరిగింది. తలుపు చాటున పిల్ల లేదు. పశువుల కొట్టంలో గడ్డి వెనక దూరిపోయింది.

"ఎప్పటి నుంచి ఇట్లా అవ్వా?" అని అడిగాను.

అవ్వ మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"పోయిన రాగి కోతలప్పుటి నుంచి మ్మా. చేని కాడ గుడిసెలో వాళ్ల తాత పక్కన పండుకొనింది. ఏనుగులు దిగినాయని ఊరంతా డబ్బాలు, తట్టలు వాయించినారు. అవి బెదిరి మా చేని మీదికే తిరుక్కున్నాయి. గుడిసె పీకేసినాయి. మా ముసలాయన కాలు అప్పుడే ఇరిగింది. ఈ బిడ్డ రాగి చేన్లో బోర్ల పడుకొనేసింది. తెల్లారి మేము పోయి యాడుందో యాడుందో అని ఎతికేదాకా లేయలేదు. పిలిస్తే పలకను కూడా లేదు. దిష్టి తగిలిందన్నారు, తాయెత్తు కట్టించినాము."

తాత చాపిన కాలు మీద చెయ్యి వేసుకుని కొట్టం వైపు చూస్తూ ఉండిపోయాడు.

బస్సు కోసం నడిచి వస్తూ దారంతా అదే ఆలోచన. ఆ పిల్లకు ఇనుము మోగితే ఏనుగు వచ్చినట్టే. బళ్లో రోజుకు ఎన్నిసార్లు గంట కొడితే అన్నిసార్లు దాని గుడిసె కూలుతోంది. పుస్తకంలో చదివింది కళ్లెదుట కనబడితే సంతోషం కలగాలేమో. నాకు కలగలేదు.

శనివారం కృష్ణగిరిలో పాతపేటలో ఉన్న మేడమ్ ఇంటికి పోయాను. ఆమె చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది. నేను చెప్పిందంతా వింది. తర్వాత లేచి ఒక లావుపాటి పుస్తకం తీసి, మళ్లీ మూసేసింది.

"భయం నేర్చుకున్నట్టే, భయం లేకపోవడం కూడా నేర్చుకోవచ్చు మ్మా. మోత చిన్నగా, దూరంగా ఉండాల. దాంతో పాటు పిల్లకు ఇష్టమైంది ఏదన్నా ఉండాల. మెల్లమెల్లగా దగ్గరికి తీసుకురా. బలవంతం మాత్రం వద్దు. ఒగసారి బలవంతం చేస్తే మళ్లీ మొదటికి వస్తాది."

నేను ఎగురుకుంటూ బడికి పోయాను. గంటకు గోనెపట్ట చుట్టించమని హెడ్మాస్టర్‌ను బతిమాలాను. "ఈ గంట విని ఊళ్లో ఆడోళ్లు పొయ్యి ముట్టిస్తారమ్మా, దానికి పట్ట చుడితే ఎట్ల?" అని విసుక్కున్నాడు. అయినా కొన్ని రోజులపాటు అయితే సరేనని ఒప్పుకున్నాడు. శెనక్కాయ మిఠాయి అంటే ఆ పిల్లకు ఇష్టమని కనుక్కున్నాను. గంటకు ముందు ఆ పిల్లను బడి వెనక చేతిపంపు దగ్గరికి తీసుకుపోయి, మిఠాయి ముక్క చేతిలో పెట్టేదాన్ని. పిల్ల కొరికేది. అప్పుడు గోనెపట్ట మీద గంట మెత్తగా మోగేది.

మొదటి రోజు పరిగెత్తలేదు. రెండో రోజు కూడా. నేను సంబరపడిపోయాను. ఆ వారం చివర ఒకరోజు, గంటకు ఇంకా చాలా సమయం ఉండగా, ఊరికే ముద్దు వచ్చి దాని చేతిలో మిఠాయి పెట్టబోయాను. పిల్ల మిఠాయిని చూసింది. చూడగానే రెండు చేతులూ చెవులకు పోయాయి. కళ్లు గట్టిగా మూసుకుంది. మిఠాయి కింద మట్టిలో పడింది.

ఆ సాయంత్రం నేరుగా కృష్ణగిరి బస్సెక్కాను. ఏడుపు ఆపుకుంటూ చెప్పాను. మేడమ్ మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక నవ్వేసింది.

"నవ్వద్దు మేడమ్. ఇష్టమైన తిండి కూడా దూరం చేసినాను దానికి."

"పిల్ల మీద నవ్వడం లేదు మ్మా. మన మీద నవ్వుకుంటున్నా. తీపి ముందు పెట్టి మోత వెనక తెచ్చినావు. తీపి కనబడితే మోత వస్తాదని దానికి తెలిసిపోయింది. పాఠం బాగానే నేర్చుకునింది. ముందు వెనకా చూసుకొమ్మని నేనే నీకు చెప్పాల్సింది." నా భుజం మీద చెయ్యి వేసి, "కొన్ని రోజులు ఏమీ చేయొద్దు. సుమ్మనే చూడు. ఎవురితో ఉంటే ఆ పిల్ల నవ్వుతాదో చూడు," అంది.

చూశాను. ఆ పిల్ల నవ్వేది ఒకే ఒక్కరితో. పక్కన కూర్చునే ఇంకో పిల్ల, లొడలొడా మాట్లాడే గడుగ్గాయి. ఇద్దరూ ఒకే పలక మీద చెరో సగం రాసుకునేవాళ్లు. ఈ గడుగ్గాయికి ఒక కోరిక ఉంది. గంట కొట్టాలని. గంట కొట్టే పెత్తనం ఎనిమిదో తరగతి మగపిల్లలది. ఇది రోజూ చెట్టు కింద నిలబడి ఆశగా చూసేది.

నేను మళ్లీ హెడ్మాస్టర్ దగ్గరికి పోయాను. మధ్యాహ్నం గంటను మూడో తరగతి పిల్లల చేత కొట్టించమని అడిగాను.

"చిన్న పిల్లోళ్ల చేతికి కమ్మి ఇస్తే గలాటా అవుతాది," అన్నాడు. కాసేపు నా మొహం చూశాడు. "సరే. ఆ గోనెపట్ట మాత్రం పీకేయ్. చూడలేకుండా ఉండాను."

గడుగ్గాయి గంట కొట్టిన మొదటి రోజు మన పిల్ల పరిగెత్తింది. ఇంటిదాకా పోలేదు. చేతిపంపు దగ్గర ఆగి, చెవులు మూసుకుని, తన స్నేహితురాలు అంత పెద్ద కమ్మిని రెండు చేతులా ఎత్తడం చూస్తూ నిలబడింది. గంట కొట్టి వచ్చిన పిల్ల ఒగరుస్తూ గొప్పలు చెప్పింది.

"చెయ్యి జిమ్మంటాది తెలుసా! మోచేతి దాకా పాకుతాది. నీకు తెలీదులే."

నీకు తెలీదులే అన్న మాట పని చేసిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తర్వాతి రోజు మన పిల్ల పంపు దగ్గర కాకుండా గోడ మూల దాకా వచ్చింది. ఇంకో రోజు ఒక చెవి మాత్రమే మూసుకుంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ తోయలేదు. నేను కిటికీ దగ్గర నిలబడి, పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు నటించేదాన్ని. ఒకరోజు బడి వదిలేశాక, అందరూ పోయాక, చెట్టు కింద ఒంటరిగా నిలబడి ఆ ఇనప ముక్కను వేలితో తాకడం చూశాను. వేడిగా ఉందేమో చూసినట్టు తాకి, వెంటనే చెయ్యి తీసేసింది.

తర్వాతి వారంలో స్నేహితురాలు కమ్మి దాని చేతిలో పెట్టింది. పిల్ల నా కిటికీ వైపు చూసింది. నేను తల ఊపాను. మెల్లగా ఆనించినట్టు కొట్టింది. చిన్నగా మోగింది. ఎవరికీ వినబడలేదు, ఎవరూ అన్నానికి లేవలేదు. "గట్టిగా కొట్టబ్బా, ఆకలి!" అని మగపిల్లలు అరిచారు. ఇంకోసారి కొట్టింది. ఈసారి ఊరికి వినబడింది. కొట్టి, కమ్మి కింద పెట్టి, తన అరచేతిని చూసుకుంటూ నిలబడింది.

"భయమైందా?" అని అడిగాను.

"లేదు టీచర్. నేను కొడితే ఎప్పుడు మోగుతాదో నాకు ముందే తెలుస్తాది కదా," అంది.

ఆ ఒక్క మాట ఏ పుస్తకంలో ఏ సిద్ధాంతం కిందికి వస్తుందో నేను చాలా వెతికాను. కొంచెం ఒకదానిలో, కొంచెం ఇంకోదానిలో దొరికింది.

అన్నీ సరైపోయాయని చెప్పలేను. డబ్బా మోత వింటే ఆ పిల్ల అప్పటికీ వణికేది. ఇంట్లో మూత పడితే కొట్టంలోకి పోయేది. కానీ బళ్లో నిలిచింది. ఇంకొకరు గంట కొట్టినా పలక గుండెకు హత్తుకుని, కళ్లు మూసుకుని, తన చోటే కూర్చునేది. నా చివరి రోజున అవ్వ సంచి నిండా అనపకాయలు తెచ్చి ఇచ్చింది. హెడ్మాస్టర్ బస్సు దాకా వచ్చాడు. "గంట మీద నా మాట చెల్లకుండా చేసి పోతుండావు. ఇప్పుడు మూడో క్లాసోళ్లు నన్ను అడగరు కూడా," అన్నాడు. గొంతులో కోపం లేదు.

పరీక్షలో నేర్చుకోవడం మీదే పెద్ద ప్రశ్న వచ్చింది. కుక్క గురించి, పిల్లి గురించి, కోతి గురించి పుస్తకంలో ఉన్నట్టే రాశాను. ఆ పిల్ల గురించి ఎందుకు రాయలేదని మేడమ్ అడిగితే, మార్కులు పోతాయేమోనని అన్నాను. "నేనైనా అదే చేసేదాన్ని," అని నిట్టూర్చింది.

తర్వాత నాకు హోసూరులో తెలుగు బళ్లో ఉద్యోగం వచ్చింది. చూస్తుండగానే ఊరు మారిపోయింది. బడి వెనక గులాబీ తోటలు పోయి లేఅవుట్లు వచ్చాయి. కంపెనీ బస్సులు వీధుల్లో బారులు తీరేవి. తెలుగు క్లాసుల్లో పిల్లలు ఏటికేడు తగ్గుతూ వచ్చారు. ఆదివారం పొద్దున నేను ఫోను బూత్ నుంచి మేడమ్‌కు ఫోన్ చేసేదాన్ని. ఆమె హలో కూడా అనకుండా "ఈ వారం ఎవురమ్మా?" అని అడిగేది. మాట్లాడని పిల్లవాడో, పక్కవాళ్లను గిల్లే పిల్లో, ఎవరో ఒకరు ఉండేవాళ్లు. ఇద్దరం కలిసి వాళ్ల గురించి తలలు పట్టుకునేవాళ్లం. ఆమె ఇప్పుడు లేదు. ఆదివారం పొద్దున ఆ వేళకు నా చేతులకు ఇప్పటికీ ఏమీ తోచదు.

మేడమ్ ఇంకా ఉన్న రోజుల్లోనే, రెండువేల సంవత్సరం దాటాక ఒకసారి డెంకణికోట సంతలో ఆ పిల్ల అవ్వ కనబడింది. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. పక్కన పొడుగ్గా ఎదిగిన ఆడపిల్ల, బడి యూనిఫాంలో. తొమ్మిదో తరగతి అట. తాత పోయి రెండేళ్లయిందని అవ్వ చెప్పింది.

"గుర్తుండానా మ్మా? మూడో క్లాసులో మీకు చెప్పినాను," అన్నాను.

పిల్ల సిగ్గుపడింది. "లేదు టీచర్."

"బళ్లో గంట కొడితే పరిగెత్తేదానివి. గుర్తు లేదా?"

అది అవ్వ వైపు చూసింది, నా వైపు చూసింది. నేను ఆటపట్టిస్తున్నాననుకుంది. "నేనా? ఎందుకు పరిగెత్తినా?"

అవ్వ నా చెయ్యి కొంచెం నొక్కింది. నేను నవ్వేసి, "ఆకలయి ఇంటికి పోయేదానివిలే," అన్నాను. పిల్ల కూడా నవ్వింది. తర్వాత లెక్కల పరీక్ష గురించి, తన క్లాసు టీచర్ గురించి, పదో తరగతి అయ్యాక హోసూరులో చదవాలన్న ఆశ గురించి గడగడా చెప్పింది. బస్సు వచ్చింది. పిల్ల అవ్వ బుట్టను తన నెత్తి మీదికి తీసుకుని, అవ్వను ముందు ఎక్కించి, తాను ఎక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ఆ ఆదివారం మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను.

"మరిచేపోయిందా? ఒగటి కూడా గుర్తులేదా?"

"లేదు మేడమ్."

"మంచిదమ్మా. శానా మంచిది." తర్వాత అడిగింది. "నీకు బాధ అయిందా?"

"కొంచెం."

"నాకూ," అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమె తన మోకాళ్ల నొప్పి గురించి, నేను మా బడి గోడకు కొట్టించిన కొత్త సున్నం గురించి చెప్పుకుంటూ, బూత్‌లో వెనక నిలబడినాయన గొంతు సవరించుకునేదాకా మాట్లాడుతూనే ఉన్నాం.